తొమ్మిదో ఇంటి కిటికీ

బయలుదేరినప్పుడు గొళ్ళెం అని అందరూ పిలిచే వ్యాపారి దగ్గర ఉన్నవి ఇవీ: చెరువు అవతలి తొమ్మిది ఇళ్లలోని కలపంతా విప్పుకుపోవచ్చని హోటలువాళ్లు సంతకం చేసి ఇచ్చిన కాగితం, రెండు గునపాలు, మేకులు పీకే పట్టుకారు, తండ్రి వాడిన భూతద్దం, వడ్రంగి పని తెలిసిన బావమరిది. వీటన్నిటికంటే పాతది, వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇంకొకటి ఉంది. అబద్ధమాడకుండా, నిజంలో సగం మాత్రమే చెప్పి ఊరుకునే అలవాటు.

పాత తలుపులు, కిటికీలు, దూలాలు కొని అమ్మడం అతని వ్యాపారం. బేరం ఒకసారి పట్టుకున్నాడంటే వదలడని బజారువాళ్లు గొళ్ళెం అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. కొనేవాడు వచ్చి ఈ తలుపు టేకేనా అని అడిగితే టేకే అనేవాడు. చట్రం ఒక్కటే టేకు, పలకలు కావు అన్న సంగతి, పలకల గురించి విడిగా అడిగినవాడికి మాత్రమే చెప్పేవాడు. అడగనివాడికి రావలసిన సగం కొట్లోనే ఉండిపోయేది. ఇరవై ఎనిమిదేళ్లుగా అలా మిగిలిపోయిన సగాలతోనే మనం మేడ కట్టుకున్నామని భార్య దెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వులో కూడా సగమే బయటికి వచ్చేది.

రోడ్డు చెరువు ఇవతలి ఒడ్డు దాకానే ఉంది. ఇళ్లు అవతలి ఒడ్డున, కొండ కింద, నీళ్లకు ఆనుకుని వరుసగా ఉన్నాయి. కొండవైపు నుంచి దారి లేదు, మిగతా రెండు వైపులా తుంగ మొలిచిన బురద. కలప మోయగలిగినంత వెడల్పైన పడవ ఆ చెరువు మొత్తానికి ఒక్కటే ఉంది. దాని యజమాని ఎనభై ఏళ్ల ముసలాయన. అందరూ ఆయన్ని పడవ తాత అనేవారు. ఖాళీ ఇళ్ల తాళాలు కూడా ఆయన దగ్గరే ఉండేవి. పడవ అద్దె దగ్గర గొళ్ళెం గంటసేపు బేరమాడదామని తయారై వచ్చాడు. ముసలాయన అతను చెప్పినదానికి ఒప్పుకుని పడవ విప్పాడు. ఆడకుండానే గెలిచిన బేరం గొళ్ళేనికి ఎప్పుడూ మింగుడుపడదు. దీని వెనక ఏదో ఉందని అప్పుడే అనుకున్నాడు.

పొద్దున్నే పొగమంచు ఇంకా నీటి మీదే ఉంది. తుంగలో కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. ఒక నీటికాకి మునిగి, చాలా దూరాన ఎక్కడో తేలింది. పడవ నడిమధ్యకు వచ్చేసరికి మంచు చిరిగి, కొండ, దాని కింద ఇళ్లు, వాటి కింద తలకిందులుగా అవే ఇళ్లు కనిపించాయి. బావమరిది జేబులోంచి హోటలువాళ్లు అచ్చువేసిన రంగుల కాగితం తీసి పైకి చదివాడు. పూర్వం కలవారు వేసవి విడిదికి వచ్చి సేదతీరిన ముచ్చటైన కుటీరాలట. ఇప్పుడు వాటి స్థానంలో అంతకంటే ముచ్చటైనవి కడతారట. పడవ తాత తెడ్డు వెయ్యడం ఒక్క క్షణం ఆపి, మళ్లీ వేశాడు.

మొదటి ఇంటి దగ్గరే గొళ్ళేనికి అనుమానం వచ్చింది. అతను మనుషుల మాటలకంటే చెక్క మాట ఎక్కువ నమ్మేవాడు. మేకు ఎక్కడ కొట్టారో, చేయి ఎక్కడ రాసుకుందో, చెక్క దేన్నీ మరిచిపోదు. ఒక్కటే గది. తలుపుకు లోపల గడియ లేదు. ఎప్పుడూ ఉన్న గుర్తు కూడా లేదు. బయట మాత్రం లావుపాటి గొళ్ళెం, తాళం వేలాడి వేలాడి చెక్క మీద పడిన అర్ధచంద్రపు గీత. చెరువువైపు ఒకే కిటికీ, అద్దాలు లేని రెండు చెక్క రెక్కలు. కిటికీ కింది చెక్కకు మధ్యలో, బావి గిలక దగ్గర రాయి అరిగినట్టు, తాడు లాగి లాగి పడిన గాడి. చట్రానికి బయట ఒక మేకు.

"బావా, తలుపుకి నీ పేరే తగిలించారు, అదీ బయటివైపు," అన్నాడు బావమరిది. "విడిదికొచ్చినవాణ్ణి లోపలేసి తాళం పెట్టే మర్యాద ఎక్కడిదిరా నాయనా."

రెండో ఇల్లూ అంతే. మూడోదీ అంతే. మధ్యాహ్నానికల్లా ఎనిమిది ఇళ్లు చూశారు. ఎనిమిదింటికీ బయటే గొళ్ళెం, ఎనిమిదింటికీ కిటికీ కింద గాడి, పక్కన మేకు. తొమ్మిదోది విడిగా, ఒడ్డు మలుపు తిరిగాక, తుంగ వెనక ఉంది. నీళ్ల మీదనుంచి తప్ప కనిపించదు. దాని తాళంచెవి మాత్రం పడవ తాత ఇవ్వలేదు. కాగితం చూపిస్తే, నాకు చదువు రాదు బాబూ అన్నాడు. చదివి వినిపిస్తే, కాగితం ఇల్లిచ్చింది గానీ పడవ ఇవ్వలేదు కదా అన్నాడు. తొమ్మిదో ఇల్లు ముడితే ఒక్క చెక్క కూడా రోడ్డున్న ఒడ్డుకు చేరదన్నాడు. ఇన్నాళ్లకు తనకు సమానమైన బేరగాడు దొరికాడని గొళ్ళెం గ్రహించాడు. ఏం కావాలో చెప్పమని అడిగి రాయి మీద కూర్చున్నాడు.

అప్పుడు ముసలాయన చెప్పాడు. ఇవి విడిది ఇళ్లు కావు. దగ్గు జబ్బుకు మందు లేని రోజుల్లో పట్నంలోని రోగులను తెచ్చి ఈ ఒడ్డున ఇంటికొకరిని ఉంచేవారు. మొదటి ఏడాది ఇద్దరు ఇంటిమీద బెంగతో రాత్రివేళ బయలుదేరి తుంగలో దిగబడిపోయారట. ఆ తర్వాతే తాళాలు వచ్చాయి. రోజూ తెల్లవారగానే లోపలివాళ్లు కిటికీ తెరిచి, మేకుకు తెల్లగుడ్డ తగిలించాలి. గుడ్డ కనిపిస్తే పడవ కిటికీ కిందికి వస్తుంది. లోపలివాళ్లు తాడుతో బుట్ట దింపుతారు, రొట్టె, పాలసీసా అందులో పెట్టాలి. గుడ్డ లేకపోతే పడవ ఆగకూడదు, దగ్గరికి కూడా వెళ్లకూడదు. ఆఫీసులో ఇంటి నంబరు చెబితే చాలు. సాయంత్రం ఇద్దరు మనుషులు తాళంచెవి, మోసుకుపోయే మంచం తీసుకుని వస్తారు. గుడ్డ లేకపోతే మనిషి లేనట్టే, అదీ లెక్క. తర్వాత మందు వచ్చింది, ఇళ్లు ఖాళీ అయ్యాయి. జబ్బు చెరువని తెలిస్తే తమ చేపలు ఎవరూ కొనరని చుట్టుపక్కలవాళ్లు నోరు మెదపలేదు. మెదపని నోళ్లు ఒక్కొక్కటే పోయాయి. ఆ పడవ నడిపినవాడు ఒక్కడే మిగిలాడు.

పడవ ఎక్కినప్పుడు తనకు పంతొమ్మిదేళ్లన్నాడు తాత. తొమ్మిదో ఇంట్లో ఒకామె ఉండేది. బడిలో పాఠాలు చెప్పేదట. పడవ కిటికీ కిందికి రాగానే, పల్లకీ వచ్చిందా అని అడిగేది. బోయీలు తక్కువయ్యారమ్మా, రేపు తెస్తాం అని ఇతను జవాబు చెప్పేవాడు. ఏడు నెలలు రోజూ అదే పరాచికం. ఒకరోజు ఆమె నవ్వకుండా అడిగింది. ఒక్కసారి నన్ను నిజంగా పడవెక్కించు, చెరువు చుట్టూ తిప్పి తెచ్చెయ్యి, తాళంచెవి నీకు దొరుకుతుంది కదా అని. ఉద్యోగం పోతుందమ్మా అన్నాడు. ఆమె సరేలే అంది. మర్నాడు గుడ్డ లేదు. ఇతను పడవ ఆపలేదు, నంబరు చెప్పాడు. రాత్రే పోయిందని డాక్టరు రాశాడు. కానీ మంచం మోసినవాళ్లలో ఒకడు రెండు రోజుల తర్వాత ఇతనితో అన్నాడట, మోసేటప్పుడు ఒళ్లింకా చల్లబడలేదురా అని.

"అరవై ఒక్కేళ్లయింది," అన్నాడు తాత. "నువ్వు చెక్క చూసి దాని కథ చెప్తావంట, పొద్దున మీ బావమరిది పడవలో గొప్పలు పోయాడు. ఆ కిటికీ చూడు. నేను దాటిపోయిన పొద్దున ఆమె ఉందా లేదా, అది చెప్పు. చెప్పి తొమ్మిదీ పట్టుకుపో. కానీ చూసిందంతా చెప్పాలి."

అంతా చెబుతానని గొళ్ళెం మాటిచ్చాడు. మాటివ్వడంలో నష్టం లేదు కదా. అరవై ఏళ్ల కిందటి కిటికీలో ఏముంటుంది, వానకు నానిన చెక్క తప్ప.

తాత తాళం తీసి, తను లోపలికి రాకుండా, పడవలో చేరిన నీళ్లు తోడడానికి ఒడ్డుకు వెళ్లాడు. గది చీకటిగా ఉంది. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. గుడ్డి వెలుతురులో ఇనుప మంచం, గోడకు ఒక చిలకకొయ్య. గొళ్ళెం టార్చి వేసి, భూతద్దం తీసి, తన పద్ధతి ప్రకారం పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. బయటివైపు ఆకుపచ్చ రంగు ఒక్క పూతే, దిట్టంగా ఉండడం వచ్చేటప్పుడే చూశాడు. రెండు రెక్కలు కలిసే సందులోకి రంగు దిగి, లోపలివైపు దాకా వచ్చి గడ్డకట్టింది. రెక్కలకూ కింది చెక్కకూ మధ్య సందూ అంతే. రెక్కలు మూసి ఉండగా కుంచె పెట్టి, సందులు కూడా పూడ్చేశారు. ఆ సందు వెంబడి లోపలివైపు గీతలున్నాయి. కత్తి గీతలు కావు, కత్తి అయితే సన్నగా తెగుతుంది. గుండ్రటి అంచు, చెంచా. కింద మొదలై పైకి జానెడు దాకా వెళ్లాయి. కింద లోతుగా ఉన్నాయి, పైకి పోయేకొద్దీ తేలికయ్యాయి. ఆఖరివి రంగును తాకి ఊరుకున్నాయి.

తర్వాత కింది సందు దగ్గర అద్దం ఆపాడు. రంగులో మూడు నూలుపోగులు ఉన్నాయి, తెల్లవి. రంగు మీద అంటుకున్నవి కావు, రంగు లోపల మునిగినవి. వాటిమీదుగా రంగు పొర కలిసిపోయి ఆరింది. ఆరిన రంగులో పోగు మునగదు. ఇంత దిట్టమైన పూత, మంచు పట్టే ఒడ్డున, ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అంటే రంగు వేసిన మర్నాడే లోపలినుంచి ఎవరో తెల్లగుడ్డ అంచు ఆ సందులోంచి బయటికి తోశారు. చిటికెన వేలంత బయటికి వచ్చి ఉంటుంది. మలుపు దగ్గర, మంచులో, పడవ మీదనుంచి అది కనిపించే ఆశ లేదు.

బావమరిది భుజం మీదుగా తొంగి చూశాడు. వాడికీ పని తెలుసు.

"రంగేసినవాడెవడోగానీ చేయి తిరిగినవాడు బావా," అన్నాడు. "మనిషిని లోపల పెట్టి కవరు అంటించినట్టు అంటించేశాడు."

గొళ్ళెం వాణ్ణి నోరు ముయ్యమనే లోపలే తాత వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. వాడి మాట వినలేదు. చేతులు పంచెకు తుడుచుకుంటూ, ఆ పచ్చరంగు ఇంకా పోలేదే అని ఆశ్చర్యపోయాడు. అది తను వేసిందేనన్నాడు. పైఅధికారులు చూడడానికి వస్తున్నారని ఆఫీసువాళ్లు డబ్బా ఇచ్చి కిటికీలన్నిటికీ పుయ్యమన్నారట. ఈ ఇంటితోనే మొదలుపెట్టాడు. ఆమె పడవెక్కించమని అడిగింది అప్పుడే, మూసిన రెక్కల వెనకనుంచి. మర్నాటి సంగతి తర్వాత మిగిలిన ఎనిమిది తను ముట్టలేదు, ఇంకెవరో వేశారు. తను ఆమెతో చివరిగా అన్న మాట, రంగు ఆరేదాకా రెక్కలు కదిలించకండమ్మా అని.

బావమరిది మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. వాడు మాట లేకుండా కూర్చోవడం గొళ్ళెం తన పెళ్లయ్యాక చూడలేదు.

గొళ్ళెం లోపల లెక్క వేసుకున్నాడు. చెప్తే ఏమొస్తుంది, చెప్పకపోతే ఏం పోతుంది. చెప్తే ఎనభై ఏళ్ల మనిషి చివరి రోజుల్లో మోయలేనిది ఒకటి నెత్తిన పడుతుంది. చెప్పకపోతే పోయేదేమీ లేదు. సగం చాలు. ఆ సగం కూడా నిజమే.

"బతికే ఉంది పెద్దాయనా," అన్నాడు. పోగులు చూపించి, రంగు ఆరకముందు గుడ్డ తోసిందని చెప్పాడు.

తాత లోపలికి వచ్చాడు. అరవై ఒక్కేళ్లలో ఆ గడప దాటడం అదే మొదలు. వంగి భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"మరి మేకుకి ఎందుకు వెయ్యలేదు?"

"నీళ్ల ఒడ్డు కదా. చెక్క ఉబ్బుతుంది. ఆమెకి బలం చాలలేదు."

మూడూ నిజాలే. తాత తలూపాడు. అద్దం తిరిగిచ్చి, బొటనవేలి గోరు రెక్కల మధ్య పెట్టి, కిందనుంచి పైకి మెల్లగా జరిపాడు. గోరు దిగలేదు. ఒకసారి తెడ్డు పట్టిన చేయి, ఒకసారి కుంచె పట్టిన చేయి. సగందాకా వెళ్లి ఆగిపోయింది.

"ఉబ్బితే సందులోకి రంగు రాదు బాబూ," అన్నాడు. "కుంచె పెడితేనే వస్తుంది."

గొళ్ళెం భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు చూశావు."

"చూశాను."

"చెప్పకూడదనుకున్నావు."

"అనుకున్నాను."

"అంతా చెప్తానని మాటిచ్చావు కదయ్యా."

కోపంగా అనలేదు. తూకంలో తగ్గితే కొనేవాడు అన్నట్టు అన్నాడు. గొళ్ళెం జీవితంలో తూకం తక్కువని ఎవరూ అతని ముఖం మీద అనలేదు. అప్పుడు కూర్చుని, చెంచా గీతలు ఎక్కడ మొదలయ్యాయో, ఎంత దూరం పోయాయో, ఎక్కడ తేలికపడ్డాయో, గుడ్డ అంచు ఎంత బయటికి వచ్చి ఉంటుందో, పడవ మీదనుంచి అది ఎందుకు కనిపించదో, ఒక్కటీ మిగల్చకుండా చెప్పాడు. తాత ప్రతిదానికీ తలూపాడు. ఆ పొద్దున తను గుడ్డ చూసి ఉంటే ఆమె బతికేదా అని అడిగాడు. చెక్క అది చెప్పదని గొళ్ళెం అన్నాడు. చెప్పకపోవడమే కాదు, అది తనకు నిజంగానే తెలియదు.

తాత వెళ్లి ఒడ్డున రాయి మీద కూర్చున్నాడు. ఎండ కొండ దాటి నీళ్ల మీదకు దిగింది, నీళ్లమీదనుంచి తుంగలోకి జరిగింది. అంతసేపూ ఇద్దరూ ఆయన్ని కదిలించలేదు. ఈ లోపల బావమరిది సన్న రంపంతో రెక్కల మధ్య రంగు కోశాడు, పోగులున్న చోటు తప్పించి. గొళ్ళెం అరచేతులు ఆనించి తోశాడు. అరవై ఒక్కేళ్ల తర్వాత కిటికీ తెరుచుకుంది. చెరువు మొత్తం ఒక్కసారిగా గదిలోకి వచ్చినట్టయింది. మంచం మీద పడుకుంటే కనిపించేది ఇదన్నమాట. పక్కన మేకు అలాగే ఉంది.

రెక్కల చప్పుడుకు తాత తల తిప్పాడు.

"నేను పడవెక్కించనన్నానని అలిగి వెయ్యలేదనుకున్నా," అన్నాడు. "ఇంకెందుకులే అని ఊరుకుందేమో అనుకున్నా. ఇన్నేళ్లూ అదే పీకింది. ఊరుకోలేదన్నమాట. పిలిచింది."

మళ్లీ నీళ్లవైపు తిరిగి, "నేనే వినలేదు," అన్నాడు.

ఎనిమిది ఇళ్ల కలప మోయడానికి నాలుగు రోజులు పట్టింది. తొమ్మిదో ఇంటి తలుపు కూడా తెచ్చారు. కిటికీని ఆఖరి రోజుకు ఉంచారు. మాట ప్రకారం అది నీదే అన్నాడు తాత. గొళ్ళెం దాన్ని చట్రంతో సహా, మేకుతో సహా విప్పించి, ఇవతలి ఒడ్డున తాత గుడిసె గోడకు ఎంత వెడల్పుందో కొలుచుకు రమ్మని బావమరిదిని పంపాడు. బేరం రద్దు చేశాడా అంటే చెయ్యలేదు. తనది అయింది కాబట్టి తనిష్టం వచ్చినచోట బిగిస్తానన్నాడు.

ఆ ప్రయాణంలో తాత పడవలో ఇంకే కలపా ఎక్కించనివ్వలేదు. కిటికీని ముందుభాగంలో గోనెల మీద నిలబెట్టి, పడిపోకుండా బావమరిదిని పట్టుకోమన్నాడు. తెడ్డు చేతికి తీసుకున్నాక, ఎవరితోనో మామూలుగా మాట్లాడినట్టు, "పల్లకీ వచ్చిందమ్మా," అన్నాడు.

తిన్నగా ఇవతలి ఒడ్డుకు రాలేదు. ఒడ్డు వెంబడి, ఖాళీ గోడలు మిగిలిన ఎనిమిది ఇళ్ల ముందునుంచి, తుంగ పక్కనుంచి, కొండ నీడలోంచి బయటికి, మళ్లీ ఎండలోకి, చెరువు చుట్టూ తిప్పాడు. రెండు గంటలు పట్టింది. మామూలుగా అయితే గొళ్ళెం కూలీల పూట పోతోందని గోల పెట్టేవాడు. ఆ రోజు వెనక కూర్చుని నీటికాకులు మునిగి తేలడం చూస్తూ ఉండిపోయాడు. కొంగలు లేచి కొంచెం దూరంలో మళ్లీ వాలాయి.

ఆ కిటికీ ఇప్పుడు తాత గుడిసెకు, చెరువు వైపు ఉంది. రెక్కలు తెరిచే ఉంటాయి.

ఇక మిగిలిన లెక్క. ఎనిమిది కిటికీలు, తొమ్మిది తలుపులు, దూలాలు కొట్టుకు చేరాయి. కొనడానికి వచ్చినవాళ్లు టేకేనా అని అడిగితే గొళ్ళెం టేకే అన్నాడు. ఆ తర్వాత వాళ్లు అడగకుండానే, ఈ గొళ్ళెం బయటివైపు ఎందుకుందో, కింద ఆ గాడి దేనివల్ల పడిందో, ఆ మేకుకు ఏం తగిలించేవారో చెప్పాడు. బావా, నీ పేరు మార్చుకోవాలి, గొళ్ళెం ఊడిపోయింది అని బావమరిది బజారంతా చాటాడు. కొందరు విని, చెయ్యి పెట్టి గాడి తడిమి, తీసుకుపోయారు. ఇద్దరు మాత్రం బేరం కుదిరాక, ఇల్లు కట్టుకుంటూ ఇలాంటివి ఎలా పెట్టుకుంటామని వదిలేసి పోయారు. అలా అమ్ముడుపోక మిగిలినవి రెండు కిటికీలు. అవి ఇప్పటికీ కొట్లో గోడకు ఆనించి ఉన్నాయి. వాటి గురించి ఎవరడిగినా గొళ్ళెం లేచి వచ్చి మొత్తం చెబుతాడు.